నూలుపూల గుత్తికి సర్వంకషం కాని టీక

మూలం:
ఆరు రేకల పువ్వొకటి సన్నని నూలుతో అల్లి, అంచున తీగ చొప్పించి, తక్కినవి ఇట్లే చేసి, గుత్తి కట్టుకొనునది. మిక్కిలి సులభము.

అవతారిక:
పూలగుత్తి అల్లుకొనే సరంజామాతో పాటు డబ్బాలో వచ్చే కాగితం మీది వాక్యమిది. కర్త పేరు తెలియదు. ఎన్నడూ సూది పట్టినవాడు కాడని మాత్రం శైలిని బట్టి నిర్ణయించవచ్చు. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిదీ అక్కర లేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ప్రతిజ్ఞలో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే టీకాకారుల వంశమే అంతరిస్తుంది.

ప్రతిపదార్థం:
ఆరు = ఆరు. పువ్వు = స్పష్టము. సన్నని నూలు = 80 నంబరు నూలు. నంబరు పెరిగితే దారం సన్నబడుతుంది. తీగకూ అంతే, 26 గేజి కంటే 30 గేజి సన్నం. అల్లి = 0.6 మిల్లీమీటర్ల కొక్కెం సూదితో, మెడ వంచి, కళ్లు చిట్లించి, అని అధ్యాహారం చేసుకోవాలి. చొప్పించి = చివరి వరుస కుట్లు తీగను కప్పేటట్టు అల్లి, రేక కొసన తీగను వంచి, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, జిగురు రాసి, ఆకుపచ్చ దారం చుట్టి కాడ చేసి. ఇన్ని పనులను మూలకారుడు ఒక్క క్త్వార్థకంలో, అంటే ఒక్క ‘చొప్పించి’లో, ఇరికించాడు. వ్యాకరణం రాసిన చిన్నయసూరి కూడా క్త్వార్థకం మీద ఇంత బరువు మోపలేదు.

పాఠాంతరం:
అమెరికా ప్రతుల్లో ‘సింగిల్ క్రోషే’ అన్న కుట్టే ఇంగ్లండు ప్రతుల్లో ‘డబుల్ క్రోషే’. రెండు పాఠాలూ సాధువులే. ఏ దేశపు పాఠమో చెప్పని కాగితాన్ని నమ్ముకుంటే మల్లె అల్లబోయినవారి చేతిలో మందారం పూస్తుంది.

విశేషం:
ఇక్కడ కొంత చర్చ ఉంది. వస్త్రానికి దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం నాడె మొదలైనవి నిమిత్త కారణాలని తర్కసంగ్రహం చదివిన పిల్లవాడైనా చెబుతాడు. నేతకు సరే. ఈ అల్లికలో ఉన్నది ఒకటే దారం. సంయోగానికి రెండు ద్రవ్యాలు కావాలి కదా, ఒంటరి దారం దేనితో కూడినట్టు? దారానికీ అవయవాలున్నాయి, ఒక తావు మరో తావుతో కూడిందని సమాధానం. అయితే కొస పట్టి లాగి చూడండి. కుండ పగిలితే పెంకులే మిగులుతాయి, మట్టి తిరిగి రాదు. ఈ పువ్వు విప్పితే దారం దారంగానే చేతికొస్తుంది. పువ్వు దారంలో ముందే ఉందన్న సాంఖ్యులు గెలిచారా? గెలవలేదు. ముందే ఉంటే సూదితో పనేమిటి? పైగా పత్తిమొక్క పూసి, కాయ కాసి, కాయ పగిలి, దూది నూలై, ఆ నూలు మళ్లీ పువ్వవుతోంది. కాయ నుంచి పువ్వు పుట్టే ఈ విపరీత క్రమం వైశేషికం చెప్పిన కణాదుడి చూపు తప్పించుకుంది. దీని మీద వేరే గ్రంథమే రాయవచ్చు.

మూలాన్ని మరిచాం. కారణాల మాట ఎత్తాం కనుక ఇంకొక్కటి చెప్పి అటు మళ్లుదాం. నైయాయికులు కారణాలు కానివాటికీ పద్దు రాశారు. కుమ్మరి తండ్రీ, మట్టి మోసిన గాడిదా కుండకంటే ముందున్నవే అయినా కుండకు కారణాలు కావు, అన్యథాసిద్ధాలు. పూలగుత్తి అమ్మేవాడి పద్దులో నూలుంది, తీగ ఉంది, జిగురుంది, డబ్బా కూడా ఉంది. ‘ప్రేమతో, చేత్తో చేసినది’ అన్న చీటీ అచ్చు ఖర్చూ ఉంది. అల్లిన మనిషి మాత్రం గాడిద పక్కన నిలబడి ఉంది.

పూర్వపక్షం:
తీరిక వేళ కాలక్షేపానికి చేసే పనికి కూలేమిటి?

సిద్ధాంతం:
ఈ ప్రశ్నకు జవాబు నరసాపురంలో ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వెంట గోదావరి తీరానికి వచ్చిన లేసు అల్లిక అక్కడి ఆడవాళ్ల చేతుల మీదుగా విదేశాలకు ఎగుమతయింది. ఆ అల్లేవారి మీద జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం వేసింది. రోజులో గంటల తరబడి చేసే పనిని గృహిణుల కాలక్షేపంగా లెక్కకట్టడం వల్లే కూలి అంత హీనంగా ఉందని తేల్చింది. 2024లో నరసాపురం లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, గంటకింత అని కూలి కట్టదు.

శేషపదాలు:
తక్కినవి ఇట్లే = గుత్తికి ముప్పై పూలైతే ఇరవైతొమ్మిది మార్లు పై గొడవంతా మళ్లీ మొదటి నుంచి. మిక్కిలి సులభము = చేసేవారు వేరొకరైనప్పుడు.

తాత్పర్యం:
చదువరీ, ఇలాంటి గుత్తి కొనేటప్పుడు బేరమాడకముందే ఒక్కమాట అడుగు: అల్లినావిడకు ఇందులో ఎంత ముట్టింది? జవాబు చెప్పలేని అంగట్లో కొనకు.