యముడికి సిక్స్‌ప్యాక్

కుర్రకారు ఎగబడి చదివే కొన్ని ఇంగ్లిష్ ఫాంటసీ ప్రేమ నవలల్లో హీరోయిన్ మొదటి పేజీలోనే ప్రాణం విడుస్తుంది. ప్రేమ పరలోకంలో! హీరో సాక్షాత్తూ మృత్యుదేవుడు. వయసు వేల ఏళ్లు, చూడ్డానికి పందొమ్మిది. నల్లకోటు, చెదిరిన జుట్టు, సిక్స్‌ప్యాక్. దున్నపోతు ఊసే లేదు. పాపం, 1977 సినిమా ‘యమగోల’లో యముడిగా కైకాల సత్యనారాయణ అంతలా గర్జించినా ప్రేమలేఖ ఒక్కరైనా రాశారా?

భారతం ఆదిపర్వంలో ప్రమద్వర పాముకాటుకు పోతే, రురుడు తన ఆయుష్షులో సగం ధారపోసి బతికించుకున్నాడు. పని అయిపోయింది. ఈ కోటు హీరో మాత్రం మూడు భాగాలైనా ‘నీకు నేను తగను’ అంటూ నరకం గుమ్మంలోనే తచ్చాడుతుంటాడు. చిత్రగుప్తా, నాలుగో భాగానికి ఆయుష్షు రాయకు నాయనా!