త్వరగా అరిగే బ్రేకునే అడగండి

చిక్కడపల్లిలో బ్రేకు షూలు మార్పించేవాళ్లు మెకానిక్‌తో ఎక్కువగా అనే మాట ఒకటుంది: "అన్నా, గట్టి మాల్ వెయ్యి, మస్తు దినాలు రావాలె." ఆ మాట మానేయండి. అరిగే లైనింగే అడగండి. తలకిందుల సలహాలా వినిపించినా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. నకిలీ సరుకు కొనమని మాత్రం కాదు.

అరగడమే లైనింగు పని. అది మరీ గట్టిదైతే దాని బదులు డ్రమ్ము అరుగుతుంది, డ్రమ్మేమో షూ కంటే ఖరీదు. చక్రం విప్పినప్పుడు డ్రమ్ము లోపలి అంచు మీద గోరు పెట్టి లాగి చూడండి. గాడి తగిలిందంటే మీరు మిగుల్చుకున్నదేమీ లేదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు పాత బండి కొని, "ఇంకా మందం ఉంది కదా" అని షూ మార్చడం వాయిదా వేస్తుంటారు. మందం ఉంటే సరిపోదు బాబూ! వేడికి పైపొర అద్దంలా మెరుస్తోందంటే పట్టు పోయినట్టే.

ఏ సరుకు ఎక్కువ కాలం వస్తుందని అడిగే ముందు, దాంతో ఏం ఆపాలో చెప్పండి. విమానాల్లో ఉక్కు బ్రేకుల అరుగుదల అవి మింగిన శక్తిని బట్టి ఉంటుంది. కార్బన్ బ్రేకులది ముఖ్యంగా ఎన్నిసార్లు తొక్కారన్నదాన్ని బట్టి. అందుకే కార్బన్ ఉన్నచోట కొద్దికొద్దిగా పదిసార్లు కాకుండా, ఒక్కసారి గట్టిగా తొక్కడమే మేలు. తేజస్ యుద్ధవిమానానికి అలాంటి కార్బన్ డిస్కులు తయారుచేసింది మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏఎస్‌ఎల్. అవెంత గొప్పవైనా, నారాయణగూడ చౌరస్తా రద్దీలో అడుగడుగునా బ్రేకు తొక్కే బండికి ఆ లెక్క పనికిరాదు.

రన్‌వే మీద విమానాన్ని తీగతో పట్టి ఆపే బీఏకే-12 యంత్రంలో ఉన్నవి బీ-52 బాంబర్ బ్రేకులు. విమానం కొక్కెం తీగను లాగగానే రీళ్ల నుంచి పట్టీ విప్పుకుంటుంది, బ్రేకులు ఆ రీళ్లను బిగబడతాయి. ఆ వేడిలోనూ పట్టు సడలని లైనింగే అక్కడ మంచిది. ఎన్నేళ్లు వస్తుందన్నది ఆ తర్వాతి మాట.

మన్నికే గొప్పయితే ఆస్‌బెస్టాస్‌ను మించింది లేదు. వేడికి తట్టుకుంటుంది, చౌక, చాలాకాలం వస్తుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి క్యాన్సర్ తెస్తుందనే చాలా దేశాలు నిషేధించాయి. పాత షూ దేంతో చేశారో కంటికి తెలియదు. షెడ్డులో కుర్రాడు గాలి పైపుతో డ్రమ్ము ఊదబోతే ఆపండి, తడిగుడ్డతో తుడవమనండి. ఆలస్యమవుతుందని వాణ్ని తొందరపెట్టకండి.