లక్షల మెరుపు, పాత బనీను గుడ్డ

కోటి రూపాయలు దాటిన కారు కొన్నవాడికి మొదట పట్టుకునే దిగులు పెట్రోలు ధర గురించీ కాదు, సర్వీసు బిల్లు గురించీ కాదు. గీతల గురించి. పగలంతా తళతళలాడిన నల్ల బానెట్, రాత్రి పెట్రోలు బంకులో ఎల్ఈడీ లైటు కింద ఆపగానే అసలు సంగతి బయటపెడుతుంది. లైటు ప్రతిబింబం చుట్టూ వలయాలు వలయాలుగా సన్నటి గీతలు తేలతాయి. డిటైలింగ్ వాళ్లు వీటిని స్వర్ల్స్ అంటారు. నిజానికి వాటిలో చాలావరకు గుండ్రటి గీతలే కావు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడ్డ గీతల్లో లైటుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి వలయమనే భ్రమ కలిగిస్తాయి. లైటును పక్కకు జరిపితే వలయమూ దాని వెంటే జరుగుతుంది. అంటే ఓనరు ఎక్కడ దృష్టి పెడితే లోపం అక్కడే ప్రత్యక్షమవుతుందన్నమాట. మన మున్సిపాలిటీల్లో నడిచేది దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. పెద్దవాళ్ల కాన్వాయ్ ఎటు వెళితే అటువైపు గుంతలు రాత్రికి రాత్రే మాయమైపోతాయి. ఈ విషయంలో కారు రంగుకున్న నిజాయితీ కారు తిరిగే రోడ్డుకు లేదు.

ఆ గీతలు తీయించడానికి కారును డిటైలింగ్ స్టూడియోకు తీసుకెళతారు. అక్కడ జరిగే పెయింట్ కరెక్షన్‌ను వెటకారం చేయడానికి లేదు, అది చెయ్యి తిరిగినవాళ్ల పని. ముందు నురగతో కడుగుతారు. ఐరన్ రిమూవర్ చల్లితే, బ్రేకుల నుంచి రాలి రంగులో గుచ్చుకున్న ఇనుప రజను కరిగి ఊదారంగు చారలుగా కిందికి కారుతుంది. తెల్ల కారు ఓనరు ఆ సమయంలో బయట టీ తాగుతుండటమే మంచిది. తర్వాత క్లే బార్‌తో పామి, చేతికి తగిలే గరుకంతా లాగేస్తారు. మీటరు ఆనించి ఒక్కో ప్యానెల్ మీద రంగు ఎన్ని మైక్రాన్లుందో రాసుకుంటారు. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, మెషీను తగిలితే లోపలి ప్రైమర్ తేలుతుంది, అందుకని అక్కడ మాస్కింగ్ టేపు అంటిస్తారు. చివరికి బానెట్ మధ్యలో ఒక టేపు వేసి, దానికి ఒకవైపు మాత్రమే పాలిషర్ తిప్పి ఓనరును పిలుస్తారు. అటు బూజు, ఇటు మెరుపు. పర్సు తెరుచుకునేది ఆ టేపు దగ్గరే. మంచి స్టూడియో అయితే ఆ మెరిసే సగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మరీ చూపిస్తుంది. ఎందుకంటే కొన్ని పాలిష్‌లలో ఉండే నూనెలు, ఫిల్లర్లు గీతను తీయవు, పూడుస్తాయి. నాలుగుసార్లు కడిగేసరికి పూడిక కొట్టుకుపోయి గీత మళ్లీ పలకరిస్తుంది. వానాకాలానికి ముందు గుంతలు పూడ్చే కాంట్రాక్టర్లకు ఈ రహస్యం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంతకీ అసలు గీత ఎలా పోతుంది? ఏదో మందు పూస్తే మానిపోతుందని చాలామంది అనుకుంటారు. అక్కడ జరిగేది వేరు. గీత అడుగు ఎంత లోతులో ఉందో, చుట్టూ ఉన్న మంచి పూతను కూడా అంత లోతుకు అరగదీస్తారు. పల్లాన్ని ఎత్తు చేయరు, ఊరంతటినీ పల్లానికి దించుతారు. కారు మీద ఫ్యాక్టరీలో వేసే పూతలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అడుగున తుప్పు పట్టనివ్వని ఈ-కోట్, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. ఈ క్లియర్ కోట్ దాదాపు 40, 50 మైక్రాన్లు ఉంటుంది, తలవెంట్రుక మందం కూడా లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేది అందులోనే. ఓ మోస్తరు కరెక్షన్‌కు అందులో రెండు మూడు మైక్రాన్లు పోతాయి. ఒక్క గీతా మిగలకూడదని ఓనరు పట్టుబట్టి, శాండ్ పేపర్‌తో పని మొదలైతే ఇంకా ఎక్కువ పోతాయి. క్లియర్ కోట్ అంటే బ్యాంకులో ఒక్కసారే వేసిన అసలు. దానికి వడ్డీ రాదు, తీసింది మళ్లీ కట్టడం కుదరదు, పాస్‌బుక్కు మాత్రం తీసిన ప్రతిసారీ కొత్తదానిలా మెరుస్తుంది. ఏటా దీపావళికో పెళ్లిరోజుకో అరగదీయిస్తూ పోతే ఏదో ఒక మే నెలలో రూఫ్ మీద తెల్లగా పొరలు లేస్తాయి. ఆ తర్వాత కరెక్షన్ పనికిరాదు, రంగే మళ్లీ వేయించాలి.

అయితే ఆ గీతలు గీసిందెవరు? తాళంచెవితో గీసిన తుంటరి మీదా, పక్కగా దూరిన ఆటో మీదా అనుమానం పోతుంది. వాళ్లు గీసేవి ఒకటీ అరా, అవి లోతుగా పొడుగ్గా కనిపిస్తాయి. వేలకొద్దీ సన్నగీతలు గీసేది మన శుభ్రతే. పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఒక బకెట్టు, ఒక పాత బనీను గుడ్డ, వరసగా కార్లు. మొదటి కారు చక్రాల మట్టి బకెట్లోకి, బకెట్లోంచి రెండో కారు బానెట్ మీదికి, అక్కణ్నుంచి మూడోదాని తలుపు మీదికి. హైదరాబాద్ పుట్టిందే గ్రానైట్ గుట్టల మీద. ఇప్పుడు ఏ కాలనీకి వెళ్లినా ఎక్కడో ఒకచోట ఆ రాయిని పగలగొడుతూనే ఉంటారు. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. మోహ్స్ కొలమానం మీద దాని కాఠిన్యం 7, గాజు కన్నా గట్టిది. దాన్ని తడిపీ తడపని గుడ్డతో క్లియర్ కోట్ మీద రుద్దడాన్ని తుడవడం అనలేం, నూరడం అనాలి. ‘సార్, బండి తుడిచేశా’ అని వాచ్‌మన్ చెప్పగానే సార్ తృప్తిగా తలూపుతారు. వాచ్‌మన్ తప్పేమీ లేదు, అతనికి ఇచ్చిన సరంజామా అదే. నెలకు అతనికి ముట్టేది వందల్లో, అతని గుడ్డ గీసిన గీతలు తీసినందుకు స్టూడియోకు ముట్టేది వేలల్లో, రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్ కూడా వేయిస్తే లక్షల్లో. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లడమే కాదు, గొడ్డలికి వాయిదాల పద్ధతి కూడా ఏర్పాటైంది.

సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఈ బాధే ఉండదు కదా అంటారు. దాని డబ్బా మీద పెద్దక్షరాలతో 9హెచ్ అని ఉంటుంది. వజ్రం కాఠిన్యం 10 అని బళ్లో చదువుకున్నవాడు, తొమ్మిదంటే వజ్రానికి పక్కిల్లే అనుకుంటాడు. ఆ పది మోహ్స్ కొలమానానిది, ఈ తొమ్మిది పెన్సిళ్లది. డ్రాయింగు పెన్సిళ్లలో హెచ్‌బీ దాటి గట్టివైపు వెళ్తే సాధారణంగా చిట్టచివర వచ్చేది 9హెచ్. చెక్కిన పెన్సిల్‌ను 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పూత మీద నెట్టినా గీత పడకపోతే పరీక్ష పాసైనట్టు. రంగుల పరిశ్రమలో అది గౌరవమైన పరీక్షే. కానీ మియాపూర్ నుంచి మాదాపూర్ దాకా కారు మీద ఎవరూ పెన్సిల్‌తో బొమ్మలు వేయరు, ఎగిరొచ్చి పడేది ఇసుక. సిలికాతో చేసే ఈ కోటింగ్ మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. దానివల్ల లాభం లేదనడం అన్యాయం. మురికి గట్టిగా పట్టుకోదు, నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది. అయితే ప్రచార వీడియోలో ముత్యాల్లా నిలిచిన ఆ నీటిబొట్లే మన బోరు నీళ్లవైతే, ఎండకు ఆరి ఒక్కో ముత్యం చోట ఒక్కో సున్నపు మచ్చ మిగులుస్తాయి. మచ్చ ముదిరితే మళ్లీ పాలిషరే గతి. అన్నిటికన్నా పెద్ద నష్టం ధీమా. కోటింగ్ ఉంది కదా అని ఓనరు గుడ్డ సంగతి పట్టించుకోడు.

పోనీ ఆ ఫిల్మ్, అంటే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) మాటేమిటి? ఈ వాదనకు బలముంది. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్లు కొట్టేయకుండా 3ఎం కంపెనీ తయారుచేసిన పాలీయురితేన్ పొర దీనికి తాత. 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే కింద ఉన్న మొత్తం రంగు కన్నా ఎక్కువ. రాయి తగిలితే దెబ్బ తను తింటుంది, సన్నగీతలు వేడికి వాటంతటవే పూడుకుంటాయి. ఆ వేడిని మన ఎండలు ఉచితంగా సరఫరా చేస్తాయి. కాబట్టి హైవే మీద నిజంగా పరిగెత్తే కారుకు, ముందు బంపరుకైనా, బానెట్‌కైనా ఇది దండగ కాదు. కానీ కథ అక్కడ ఆగదు. రంగును కాపాడటానికి ఫిల్మ్, ఫిల్మ్ మురికి కాకుండా దానిమీద సెరామిక్ కోటింగ్, కోటింగ్ పాడవకుండా దానిమీద గుడ్డ కవరు. దుమ్ముపట్టిన కారు మీద ఆ కవరును ఈడుస్తూ తొడిగితే గీతలు మళ్లీ మొదలు. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40కి బరువు తగ్గించాలని రంగు ఎంత పలచగా వేశారంటే, కింద ఉన్న కార్బన్ ఫైబర్ నేత పైకి కనిపిస్తుంది. కారు చేసినవాడు గ్రాములు లెక్కపెట్టి రంగు తగ్గిస్తే, కొన్నవాడు దాని వారసుల మీద కిలోల లెక్కన ప్లాస్టిక్ చుట్టిస్తున్నాడు. గంటకు 300 కిలోమీటర్లు దాటగల ఆ వారసులకు మన ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతి 120 మాత్రమే. మిగిలిన 180తో ఏం చేయాలో తోచక ఓనరు దృష్టి రంగు మీద పడిందనుకోవాలి.

రీసేల్ విలువ కోసమండీ అనేది ఇంకో సమాధానం. మెరిసే కారు తొందరగా అమ్ముడుపోతుంది, అది నిజమే. కానీ తెలిసినవాడు కొనడానికొస్తే జేబులో మైక్రాన్ మీటరుతో వస్తాడు. అంకె మరీ ఎక్కువగా ఉంటే ఎక్కడ గుద్దారని అడుగుతాడు, మరీ తక్కువగా ఉంటే ఎన్నిసార్లు అరగదీశారని అడుగుతాడు. 1950లో మొదలైన కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పాతకార్ల పోటీ ప్రపంచంలో ఈ మెరుపు వ్యసనానికి పెద్దపీట. నిగనిగలాడే కార్లకు పెట్టింది పేరైన ఆ పోటీలోనే, రీపెయింట్ చేయకుండా పాత రంగు పగుళ్లతో సహా నిలుపుకున్న కార్లకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. డబ్బుతో రంగు వేయించవచ్చు, ఫ్యాక్టరీ వేసిన రంగును మాత్రం మళ్లీ కొనలేమని కోట్లకు పడగలెత్తినవాళ్లకే అర్థమైంది. మన అవగాహన ఇంకా ఇన్‌స్టాగ్రామ్ రీల్ దగ్గరే ఆగింది.

వాళ్ల డబ్బు, వాళ్ల కారు, మధ్యలో మీకెందుకు, నలుగురు కుర్రాళ్లకు ఉపాధి దొరుకుతోంది కదా అని చివరి ఆక్షేపణ. ఉపాధి సంగతి ఒప్పుకోవాల్సిందే. పాలిషర్ పట్టడం వచ్చిన కుర్రాడు గౌరవంగా బతుకుతున్నాడు, ఆ పనికి డిగ్రీ అడగరు. రోటరీ మెషీను చేతకానివాడి చేతిలో పడితే గీతలు పోయి, లైటు కింద అలల్లా కదిలే హోలోగ్రామ్ మచ్చలు వస్తాయి కాబట్టి ఆ నైపుణ్యానికి ధర ఉండాల్సిందే. అభ్యంతరం ఆ ధర మీద కాదు. ఒకే బానెట్ మీద ఇద్దరు మనుషులు పనిచేస్తారు. ఒకరు ఏడాదికి ఒకసారి, ఇంకొకరు ఏడాదికి 365 సార్లు. రంగు ఆయుష్షు ఉండేది రెండోవాడి చేతిలో. డబ్బంతా వెళ్లేది మొదటివాడికి. ఆస్పత్రి కట్టి తాగునీళ్లు మరిచిపోయే మన ప్రణాళికల్లో ఏ లెక్క ఉందో ఇందులోనూ అదే లెక్క. బాగుచేయడానికి రిబ్బన్ కత్తిరింపు ఉంటుంది, పాడవకుండా చూడటానికి ఉండదు.

అలాగని పైపు పెట్టి గంటసేపు కడగమనడం లేదు. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు తాగునీళ్లతో వాహనాలు కడిగితే 5 వేలు జరిమానా అని చెప్పాల్సి వచ్చింది. మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ మందు కలిపిన ఒక బకెట్టు నీళ్లతో మొత్తం కారు శుభ్రమవుతుంది. కావల్సిందల్లా ఇంతే: గుడ్డ జాడించడానికి వేరే బకెట్టు, చక్రాలకు వేరే గుడ్డ, పైభాగానికి అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు, కిందపడిన గుడ్డను మళ్లీ వాడకూడదన్న నియమం, దుమ్ము పట్టిన కారును పొడిగా తుడవొద్దన్న ఇంకో నియమం. అన్నీ కలిపినా స్టూడియో వాడు వాడే పాలిషింగ్ కాంపౌండ్ డబ్బా ఖరీదు చేయవు. గీతలున్న కారుకు ఒక్కసారి కరెక్షన్ చేయించండి, మైక్రాన్ల లెక్క కాగితం మీద రాయించి తీసుకోండి. ఆ తర్వాత రెండోసారి కోసం దాచిన డబ్బులోంచి పొద్దున్నే కారు తుడిచే మనిషికి జీతం రెట్టింపు చేసి, పని ఎలా చేయాలో ఆ స్టూడియో కుర్రాడి చేతే ఒక పూట నేర్పించండి. కారు రంగుకు ఇంతకంటే మంచి కోటింగ్ ఇప్పటిదాకా ఏ కంపెనీ తయారుచేయలేదు.