వెబ్‌సైటు లింకులు: వినకూడని సలహాలు

తెలుగులో వెబ్‌సైటు పెట్టేవాళ్లకు అన్నిటికన్నా ముందు అందే సలహా ఒకటుంది: లింకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, లేకపోతే గూగుల్ పట్టించుకోదు అని. వినకండి. పాఠకుల భాషలోని మాటలే లింకులో పెట్టుకోమని గూగుల్ తన సూచనల్లోనే చెబుతోంది. తెలుగు వికీపీడియా వ్యాసాల లింకులు తెలుగు లిపిలోనే ఉన్నాయి, వెతికితే శుభ్రంగా దొరుకుతున్నాయి.

ఈ భయం పుట్టేది లింకును వాట్సాప్‌లో అతికించినప్పుడు. "పప్పుచారు" అన్న చిన్న మాట కాస్తా శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి 81 గుర్తుల చాంతాడవుతుంది. వత్తులూ గుణింతాలూ విడదీస్తే ఆ మాటలో 9 యూనికోడ్ సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, లింకులో ఒక్కో బైటుకు 3 గుర్తులు. చూడ్డానికి బాగుండదు, నిజమే. కానీ యంత్రం దాన్ని పప్పుచారుగానే చదువుకుంటుంది. అదే ఇంగ్లీషు అక్షరాల్లో అయితే "చా"కి ఒకరు ఒక "ఏ" పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు.

లింకు నిండా కీవర్డులు కుక్కమంటారు. ర్యాంకులో వాటి పాత్ర చాలా స్వల్పం. లింకు చూసి పేజీలో ఏముందో మనిషి పోల్చుకోగలిగితే చాలు.

ఒకే పేజీ రెండు మూడు లింకుల్లో తెరుచుకుంటుంటే రోబోట్స్ ఫైల్లో అడ్డు పెట్టమంటారు. అడ్డు పెడితే గూగుల్ ఆ పేజీ తెరవదు, అందులోని కానానికల్ ట్యాగు చదవదు. తెరిచే ఉంచి, అసలు లింకేదో ఆ ట్యాగులో చెప్పండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా మాత్రం, "డిజైన్ ఎలాగూ మారుస్తున్నాం, పాత లింకులు కూడా మార్చేద్దాం" అన్నది. గూగుల్ లెక్కలో కొత్త లింకంటే కొత్త పేజీయే. పాతది 404 చూపించిందంటే, ఏళ్లుగా ఇతరులు మీ వ్యాసానికి ఇచ్చిన లింకులన్నీ గంగపాలు. మంచి చిరునామాలు మారవని వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. మార్చక తప్పకపోతే ప్రతి పాత లింకు నుంచీ దానికి సరిపోయే కొత్త పేజీకే 301 రీడైరెక్ట్ పెట్టించండి. అన్నిటినీ హోమ్‌పేజీకి తోసేస్తే చాలాసార్లు గూగుల్ వాటిని లేని పేజీల కిందే జమకడుతుంది. ఆ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉండాలి, ఎప్పటికీ ఉంటే ఇంకా మంచిది.

డిజైనర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందే పాత లింకులన్నీ పనిచేయాలన్న షరతు కాగితం మీద రాయించుకోండి.