మూడు నిమిషాల్లోపు ముక్తి

మా వైపు ఏదీ ఓ పట్టాన తెమలదు. గిలకలదిండి మొగలో ఇసుక మేట వేస్తే, వేట ముగించుకొచ్చిన బోటు పోటు ఎక్కేదాకా బయటే పడుండాలి. బందరులో సన్మానసభ పెడితే, శాలువా కప్పే వేళకి కప్పించుకోవలసిన పెద్దాయన కునుకు తీస్తూ ఉంటాడు. ఇక నాటకాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కృష్ణుడు నాలుగు పాదాల పద్యం ఎత్తుకున్నాడంటే, చివరి రాగం ఆగేలోపు అర్జునుడు తెర వెనక్కి వెళ్ళి బీడీ కాల్చుకుని రావచ్చు. వచ్చి నిలబడ్డాక జనం "వన్స్ మోర్" అంటారు. అర్జునుడు మళ్ళీ బీడీకి వెళ్తాడు.

అలాంటి గడ్డ మీద పుట్టినవాడివి, ఈ పంక్ రాక్ ఆల్బముల పిచ్చి నీకెలా పట్టిందని అడిగేవాళ్ళకి నేను చాలా గంభీరంగా జవాబు చెబుతాను. తిరుగుబాటు అంటాను, యువతరం ఆక్రోశం అంటాను, సంగీత పరిశ్రమ గుత్తాధిపత్యం అంటాను. అబద్ధాలేం కాదు. కానీ అసలు కారణం వేరే ఉంది. త్వరగా అయిపోతాయి.

రామోన్స్ అనే బ్యాండు మొదటి ఆల్బమే తీసుకోండి. 1976 ఏప్రిల్లో న్యూయార్కు నుంచి వచ్చింది. 14 పాటలు, 29 నిమిషాలు. మూడు నిమిషాలు దాటిన పాట మందుకి కూడా దొరకదు. రికార్డింగుకి పట్టింది సుమారు వారం, అయిన ఖర్చు 6,400 డాలర్లు. రాగం లేదు, తానం లేదు, సరాసరి పల్లవే. గిటారుకి మధ్యలో ముచ్చటగా ఓ సోలో పడేసి తన పాండిత్యం చూపించుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. పాపం, పాండిత్యం ఉంటే కదా అంటారు గిట్టనివాళ్ళు. లేకపోవడం వల్లనే అంత బాగా వచ్చిందని నా వాదన.

ఈ సరుకు గిలకలదిండి దాకా ఎలా వచ్చిందంటే, మా చిన్న మావయ్య ఓడల మీద పనిచేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడు అందరి మావయ్యలూ సెంటుసీసాలూ నైలాన్ చీరలూ తెస్తే, మా మావయ్య క్యాసెట్లు తెచ్చేవాడు. ఆయనకి ఘంటసాల తప్ప ఇంకొకరు అక్కర్లేదు. రేవుల్లో తోటి కళాసీలు ఏది కొంటే అది నాకోసం కొనేవాడు. "ఇంగ్లీషు కదరా, నీ చదువుకి పనికొస్తాయి" అనేవాడు. ఆ ఇంగ్లీషు నేను పరీక్షలో రాసి ఉంటే మా మాస్టారు నన్ను ఏ దారిన పంపేవారో ఊహించుకోవచ్చు.

రామోన్స్ క్యాసెట్టు అట్ట మీద బొమ్మని అందరికంటే శ్రద్ధగా చూసింది మా అమ్మ. ఇటుక గోడకి చేరబడిన నలుగురు కుర్రాళ్ళు, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లు. "తల్లి లేని పిల్లల్లే ఉన్నారు పాపం. అన్నదమ్ములా?" అంది. కాదమ్మా, నలుగురూ నాలుగు ఇళ్ళవాళ్ళు. ఒకడు హైమన్, ఒకడు కమ్మింగ్స్, ఒకడు కోల్విన్, ఒకడు ఎర్డెలీ. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ ఒకప్పుడు పాల్ రామోన్ అని మారుపేరు పెట్టుకున్నాడని విని, వీళ్ళంతా రామోన్ అనే ఇంటిపేరు పెట్టేసుకున్నారు అని చెప్పాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అయితే ఇక వాళ్ళలో వాళ్ళు సంబంధాలు కలుపుకోడానికి లేదన్నమాట" అని తేల్చింది.

మాకు ఒక బోటులో పావలా వాటా ఉండేది. ఓ తెల్లవారుజామున టేప్‌రికార్డరు బోటులోకి పట్టుకెళ్ళి, వేటకెళ్ళేవాళ్ళకి కొత్త సంగీతం పరిచయం చేద్దామని మీట నొక్కాను. పైనుంచి సరంగు కేకేశాడు: "ఒరే అబ్బాయ్, ఇంజను ఆపండ్రా! ఎయిర్ పట్టింది!" ఇంజను అప్పటికింకా స్టార్టే చెయ్యలేదు.

బందరు కోనేరు సెంటరు దగ్గర ఒక రికార్డింగు షాపు ఉండేది. మావయ్య క్యాసెట్లు ఉప్పుగాలికి పాడవకుండా అక్కడ నకళ్ళు తీయించుకునేవాణ్ణి. రామోన్స్ మొదటి ఆల్బం సిక్స్‌టీ క్యాసెట్టులో ఒక వైపు, రెండోది రెండో వైపు కొలిచినట్టు సరిపోయాయి. షాపాయన గుండ్రటి దస్తూరీతో "రామోన్స్" అని రాశాడు. మొదటి రెండక్షరాల మీద నమ్మకంతో రామదాసు కీర్తనల పక్కన పెట్టాడు. శ్రీరామనవమి పందిరి కుర్రాళ్ళు వచ్చి ఆ అరలో ఉన్నవన్నీ ఊడ్చి పట్టుకెళ్ళారు.

పానకం పంచుతుండగా మొదలైంది. ముందు వరసలో పెద్దాయన ఒకరు ఆపించడానికి లేచారు. కండువా సర్దుకుని మైకుసెట్టు దాకా వెళ్ళేసరికి పాట అయిపోయింది. సరే పోనీ అని తిరిగొచ్చి కూర్చునేసరికి ఇంకోటి మొదలైంది. మళ్ళీ లేచారు. ఆయన ఓపికున్నంతవరకు లేచి కూర్చున్నారు గానీ, జరుగుతున్న పాటని మాత్రం పట్టుకోలేకపోయారు. ప్రపంచంలో సెన్సారుకి చిక్కని కళ ఏదని నన్నడిగితే ఆ పందిరి వైపు చూపిస్తాను.

క్లాష్ బ్యాండు వాళ్ళు ఇంకో రకం. బేరమాడ్డంలో మా చేపల రేవు వాళ్ళకి పాఠం చెప్పగలరు. 'లండన్ కాలింగ్' డబుల్ ఆల్బముగా తెస్తాం, ఒక ఆల్బం ధరకే అమ్మండి అంటే కంపెనీ ఒప్పుకోలేదు. పోనీ ఆల్బముతో పాటు చిన్న సింగిల్ రికార్డు ఒకటి ఉచితంగా ఇవ్వండి అన్నారు. కంపెనీ దానికి తలూపింది. వీళ్ళు ఆ ఉచిత రికార్డు మీద తొమ్మిది పాటలు ఎక్కించారు. కేజీ రొయ్యలు తూయించుకుని, కొసరని చెప్పి ఇంకో కేజీ సంచిలో వేసుకుపోవడమంటే ఇదే. 1979 డిసెంబరు 14న, మొత్తం 19 పాటలతో, ఒక ఆల్బం ఖరీదుకే బజార్లోకి వచ్చింది.

దాని అట్ట మీద బొమ్మ చూడని అభిమాని ఉండడు. న్యూయార్కు పెలేడియం వేదిక మీద పాల్ సిమొనాన్ తన బాస్ గిటారుని నేలకేసి బాదుతున్న ఫోటో. తీసిన పెన్నీ స్మిత్ అయితే ఫోకస్ కుదరలేదు, వాడొద్దని మొత్తుకుంది. మా నాన్నది నాటకాల ప్రాణం. ఆయన ఆ బొమ్మ చూసి అడిగింది ఒకటే ప్రశ్న: "అది వాడి సొంతదేనా, అద్దెకి తెచ్చిందా?"

ఆ ఆల్బములో రెగే ఉంది, పాత రాకబిల్లీ ఉంది, ఇది పంకే కాదు పొమ్మనే ఛాందసులు ఉన్నారు. ఏ మతంలో లేరు కనక. నా దృష్టిలో ఆ రోజుల్లో వచ్చిన ఆల్బముల్లో ఇంతటిది లేదు. ఒకటే తంటా, సరుకు 65 నిమిషాలు, క్యాసెట్టు 60. కాబట్టి చివరి పాట నాకు చాలా ఏళ్ళు దక్కలేదు. దక్కలేదన్న బాధా లేదు, ఎందుకంటే అట్టలు అచ్చయ్యాక ఆఖరి నిమిషంలో చేర్చిన పాట కనుక దాని పేరు అట్ట మీదే లేదు. లేనిది పోతే ఎవరు ఏడుస్తారు? తీరా విన్నాక తెలిసింది, ఆ ఆల్బములో అమెరికా రేడియోలో బాగా ఆడిన పాట అదేనట.

సెక్స్ పిస్టల్స్ గురించి తక్కువ చెబుతాను. వాళ్ళ గొడవే వాళ్ళ గురించి చాలా చెప్పింది. 1977 అక్టోబరు 28న వచ్చిన వాళ్ళ ఏకైక ఆల్బం పేరులో ఒక మాట ఉంది. ఆ మాటని కిటికీలో ప్రదర్శించాడని నాటింగ్‌హామ్‌లో ఒక రికార్డుల షాపు మేనేజరు మీద కేసు పెట్టారు. కోర్టుకి ఇంగ్లీషు ఆచార్యుడొకాయన వచ్చి ఆ మాట వంశవృక్షమంతా విప్పి సాక్ష్యం చెప్పాడు. మేజిస్ట్రేట్లు గునుస్తూనే కేసు కొట్టేశారు. ఆల్బమంటారా, అంత శుభ్రంగా, గిటారు మీద గిటారు పేర్చి రికార్డు చేసిన అరాచకాన్ని నేనింకెక్కడా వినలేదు. ఇస్త్రీ చేసిన చిరుగు చొక్కా.

నా మనసు దోచిన క్యాసెట్టు వేరే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు, డెడ్ కెనెడీస్, 1981లో 'ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్, ఇంక్.' అని ఒకటి తెచ్చారు. ఇళ్ళలో క్యాసెట్లు నకలు తీసుకోవడం వల్ల సంగీత పరిశ్రమ చచ్చిపోతోందని కంపెనీలు గగ్గోలు పెడుతున్న కాలమది. వీళ్ళు పాటలన్నీ ఒకే వైపు సర్ది, రెండో వైపు ఖాళీగా వదిలేసి, పరిశ్రమ లాభాలు చంపే పుణ్యకార్యంలో మీరూ ఓ చెయ్యి వెయ్యండని ఆ క్యాసెట్టు మీదే అచ్చేశారు.

మా నాన్నకి ఇది అనువదించి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత మర్యాదస్తులురా! డబ్బిచ్చి కొన్నవాడికి సగం చోటు వదిలారు" అని, ఆ రాత్రే విజయవాడ రేడియోలో వస్తున్న షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలు రెండో వైపున పట్టేశారు. కాబట్టి మా ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది. ఒక వైపు అమెరికాలో మతం పేరిట డబ్బు దండుకునేవాళ్ళ మీద తిట్లు, రెండో వైపు రాయబారం. తిట్లన్నీ కలిపి పావుగంట లోపే, ఒక్క రాయబారానికే టేపు చాలలేదు. నాన్న అప్పుడప్పుడు పొరపాటున మొదటి వైపు పెట్టేవారు. పాడేవాడు జెల్లో బియాఫ్రా. కాసేపు విని, "శ్రుతి లేదు గానీ ఆవేశం ఉందిరా. శిశుపాలుడి వేషం వెయ్యొచ్చు" అన్నారు. ఆ గాయకుడి మీద ఇంతకంటే మంచి సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఇదంతా తెల్లవాళ్ళ వ్యవహారమని మా కాలేజీ స్నేహితులు వెక్కిరించేవాళ్ళు. వాళ్ళకి చెప్పడానికి నాకొక సమాధానం బందరు లైబ్రరీలో దొరికింది. రామోన్స్ కంటే పదకొండేళ్ళ ముందే మనకి పంక్ వచ్చేసింది. పేరు దిగంబర కవులు. ఆరుగురు. పేర్లు మార్చుకోవడంలో రామోన్స్ వీళ్ళ ముందు బలాదూరు: హృషీకేశవరావు నగ్నముని అయ్యాడు, రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు, భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు. తక్కినవాళ్ళు నిఖిలేశ్వర్, భైరవయ్య, మహాస్వప్న. మొదటి సంపుటిని 1965 మేలో హైదరాబాదులో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోది 1966లో మన విజయవాడలో, మళ్ళీ అర్ధరాత్రే, ఒక హోటలు కార్మికుడి చేత. మూడోది 1968లో విశాఖలో. మూడంటే మూడే ఆల్బములు. పెద్దలు ముక్కు మూసుకున్నారు, కుర్రాళ్ళు చదివారు. తర్వాత 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పుడు నలుగురు అటు వెళ్ళారు, ఇద్దరు వెళ్ళలేదు. బ్యాండు విడిపోవడం కూడా పద్ధతి ప్రకారమే జరిగింది. ఒక్క గిటారు లేదు గానీ, శాలువాలూ అధ్యక్షోపన్యాసాలూ లేకుండా పుస్తకం వెయ్యొచ్చని తెలుగువాళ్ళకి చూపించడం గిటారు వాయించినంత తేలికేం కాదు.

పంక్ చరిత్ర రాసేవాళ్ళు 1977ని మహా సంవత్సరం అంటారు. మాకూ అది మరపురాని ఏడాదే. పిస్టల్స్ ఆల్బం వచ్చిన మూడు వారాలకి, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. ఇక్కడ నవ్వించే పని పెట్టుకోను. ఆ ఉప్పెన మీద, చచ్చినవాళ్ళని లెక్కపెట్టడం తప్ప బతికినవాళ్ళకి ఏమీ చెయ్యలేని వ్యవస్థ మీద, 'కొయ్యగుర్రం' అని దీర్ఘకావ్యం రాసింది ఆ దిగంబర నగ్నమునే. లండను కుర్రాళ్ళ కోపం విని వచ్చి అది చదివితే, కోపం అంటే ఇదీ అనిపించింది నాకు. పొడుగైన వాటిలో నేను మినహాయింపు ఇచ్చింది దానికొక్కదానికే.

పొట్టిదనం పనికిరాదనేవాళ్ళకి ఇంకో మాట. వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే కుర్రాళ్ళు 1981లో, మందూ మత్తూ నాకు అక్కర్లేదని 46 సెకన్ల పాటలో చెప్పేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం మా దాకా వచ్చినప్పుడు ఇక్కడి ఆడవాళ్ళూ అంతే, రెండు ముక్కల్లో చెప్పి చీపుళ్ళు పట్టుకున్నారు. వాళ్ళని అభినందించడానికి వచ్చిన నాయకుడొకాయన అదే సంగతి గంటన్నర చెప్పి, గొంతు ఎండిపోయిందని గబగబా కారెక్కాడు. ఎటు వెళ్ళాడో డ్రైవరు మర్నాడు హార్బరంతా చెప్పాడు.

ఇప్పుడు రామోన్స్ అసలు నలుగురిలో ఎవరూ లేరు. 2001లో జోయీతో మొదలై 2014లో టామీతో అయిపోయారు. వాళ్ళు వాయించిన సీబీజీబీ క్లబ్బు 2006లో మూతపడితే, ఆ చోట ఖరీదైన బట్టల దుకాణం వచ్చింది. వాళ్ళ పేరు రాసిన టీషర్టులకి మాత్రం చావులేదు. మొన్న హార్బరులో ఐసు ఎత్తుతున్న కుర్రాడొకడు వేసుకున్నాడు. గుండ్రటి ముద్ర, చుట్టూ నాలుగు పేర్లు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఒరే అబ్బాయ్, వీళ్ళ పాటలు వింటావా?"

"పాటలాండీ? ఏదో కంపెనీ అనుకున్నానండి. బందరు సంతలో కొన్నాను. ఉప్పునీళ్ళకి రంగు పోలేదండి" అన్నాడు.

ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి, ఫోనులో మొదటి ఆల్బం మొదటి పాట పెట్టాను. రెండు నిమిషాల పైచిలుకు పాట. వాడు శ్రద్ధగానే విన్నాడు. సగంలో తల కూడా ఊపాడు. తర్వాత తన ఫోను తీసి రీళ్ళు తిప్పుకోవడం మొదలుపెట్టాడు. పాట అయిపోయింది.

"ఎలా ఉందిరా?"

"బాగానే ఉందండి బాబాయ్ గారూ" అన్నాడు, నన్ను నొప్పించడం ఇష్టం లేక. "కాకపోతే కాస్త సాగదీశారండి."