సుడి దొరకని పశువు

మా నాన్నకి పశువుని చూడటం వచ్చు. అద్దంకి చుట్టుపక్కల సంతల్లో 40 ఏళ్లు ఒంగోలు కోడెల నోళ్లు తెరిచి పళ్లు లెక్కపెట్టిన మనిషి. అలాంటాయన ఆరు నెలలుందామని ఓహైయో వస్తే, మా బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి నా మందని చూపించాను. ఏడు చించిల్లాలు. ఒక్కోటీ అరకిలోకి కాస్త అటూ ఇటూ.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"ఎలకలకి మందు పెడతారు గానీ, ఏసీ పెడతారట్రా?" అన్నాడు చివరికి.

పెట్టక తప్పదు. ఆండీస్ కొండల చలికి పుట్టిన జాతి. గదిలో వేడి 27 డిగ్రీలు దాటిందా, వడదెబ్బకి ప్రాణం మీదకొస్తుంది. అందుకే నడి జూన్‌లో మా నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగేవాడు.

మంద బాగుపడాలంటే ఇంకో నాలుగు కొనడం కాదు, నా ఆడవాటికన్నా మేలైన మగదాన్ని ఒక్కదాన్ని తేవాలి. ఆ మాట చెవిన పడగానే నాన్న మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "విత్తనపు ఆబోతు కోసమని ముందే చెప్పొద్దూ! ఆవు చెడ్డదైతే ఏడాదికో దూడ చెడుతుంది. ఆబోతు చెడ్డదైతే ఊరు ఊరంతా చెడుతుంది."

ఇక్కడా అంతే. గూళ్లు వరసగా పెట్టి, వెనక ఒక నడవా కడతారు. ఆడవాటి మెడకి పట్టీలు వేస్తారు, ఆ పట్టీతో అవి కన్నంలోంచి దూరలేవు. మగదానికి పట్టీ ఉండదు, ఏ గూటికైనా పోయి రావచ్చు.

"మెడలో ఉన్నవాళ్లు గడప దాటకూడదన్నమాట," అంది మా ఆవిడ మంగళసూత్రం సర్దుకుంటూ. నాన్నా నేనూ మజ్జిగ మీద దృష్టి పెట్టాం.

ఆదివారం బయల్దేరాం. పోలిక కోసం నా మందలో అందగత్తె చిట్టిని కూడా బుట్టలో పెట్టుకున్నాను. దారిలో నాన్నకి చరిత్ర చెప్పాను. చాప్‌మన్ అనే గనుల ఇంజనీరు 1923లో చిలీ నుంచి 11 చించిల్లాల్ని, దారి పొడుగునా ఐసుగడ్డలతో చల్లబరుస్తూ, ఓడలో కాలిఫోర్నియా చేర్చాడు. ఈ దేశంలో పెంపుడువి చాలావరకు వాటి సంతానమే.

"పదకొండేనా? అయితే అన్నీ మేనరికాలే," అన్నాడు నాన్న. కాసేపాగి, "మన గిత్తలు బ్రెజిల్ పోయి నెలోర్ జాతి కాలేదూ. విత్తనం మంచిదైతే చాలులే," అని వాటిని క్షమించాడు.

అమ్మే ఆవిడ వయసులో నాన్నకి అటూ ఇటూ. ఒక మగదాన్ని బల్ల మీద పెట్టింది. నాన్న అలవాటు కొద్దీ దాని పెదవి ఎత్తి చూశాడు. పళ్లు నారింజ రంగు.

"గారపళ్లు. ముసలిది. పద."

నేను కాస్త మెత్తబరిచి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వింది. ముందరి పళ్లు నారింజగా ఉంటేనే ఆరోగ్యమట, తెల్లగా ఉంటే అనుమానించాలట. అసలు భయం వెనక పళ్లతో. అవి అడ్డంగా పెరిగి, వేళ్లు దవడలోకి దిగితే కళ్లు నీరుకారతాయి, గడ్డం చొంగతో తడుస్తుంది. అది వంశంలో పాకే జబ్బు. బొచ్చు ఎంత గొప్పదైనా అలాంటిదాన్ని మందలో కలపకూడదు. ఆవిడ దవడ కింద వేలితో తడిమి చూపించి, దాని తాతల దాకా రాసి ఉంచిన కార్డు ముందు పెట్టింది. నాన్న మొదటిసారి తలూపాడు.

తర్వాత సుడులు. నాన్న వేళ్లతో బొచ్చు పాయలు తీశాడు. ఎంత తీసినా చర్మం కనబడదు. ఒక్కో కుదురులోంచి 60 దాకా వెంట్రుకలొస్తాయి మరి. పట్టు బిగించేసరికి గుప్పెడు బొచ్చు చేతిలోకి ఊడొచ్చింది. నక్క నోట పడ్డప్పుడు ఇది వాడే ఉపాయం అదే, బొచ్చు దానికొదిలేసి ప్రాణం తను పట్టుకుపోతుంది. నాన్న ఆ గుప్పెడూ మెల్లిగా జేబులో వేసుకున్నాడు.

చూసే పద్ధతి ఊదడమట. ఊదితే బొచ్చు పూవులా విచ్చుకుంటుంది. అడుగున ముదురు బూడిద రంగు, పైన తెల్లని పట్టీ, కొసన నలుపు. గీతలు తేటగా ఉండాలి, ఊపిరి ఆపగానే బొచ్చు మూసుకోవాలి. నాన్న తడికట్టెల పొయ్యిని ఊదినట్టు ఊదాడు. పాపం ఆ జీవి కళ్లు మూసుకుంది.

అప్పుడు ఆవిడ తెల్లటి లైటు వేసి, తనవి రెండిటి మధ్య నా చిట్టిని కూర్చోబెట్టింది. అవి రెండూ నీలి ఛాయలో మెరుస్తున్నాయి. మధ్యలో మా అందగత్తె, తిరగమోతలు తగిలిన వంటింటి గోడలా. రెండేళ్లుగా దాన్ని పసుపు బల్బు కింద చూసి మురిసిపోయాను.

"కాకిపిల్ల కాకికి ముద్దు," అన్నాడు నాన్న.

ఏమన్నారని అడిగిందావిడ. మీ మందని మెచ్చుకుంటున్నారని చెప్పాను.

మా ఆవిడ నల్ల వెల్వెట్ రంగుది తెమ్మంది. మాకు ఇంట్లో అలాంటి నల్లది ఒకటి ఉందని తెలిసి అమ్మే ఆవిడ వద్దంది. వెల్వెట్‌కి వెల్వెట్‌ని కలిపితే నాలుగో వంతు పిల్లలు కడుపులోనే పోతాయి. "సగోత్రం," అన్నాడు నాన్న, ఆ శాస్త్రం ఒంగోలు నుంచే వచ్చినట్టు.

చివరికి మొదటి మగదే కుదిరింది. 300 డాలర్లు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి, దాని కింద చెయ్యి చాచి, వేళ్ల బేరానికి సిద్ధమయ్యాడు. ఆవిడ థాంక్యూ అని తువ్వాలు అందుకుని చేతులు తుడుచుకుంది. 300 ఇచ్చి వచ్చాం.

కొత్తదాన్ని నెల రోజులు వేరే గదిలో ఉంచి, ఆ తర్వాతే నడవాలోకి వదిలాను. కడుపు మొయ్యడం 111 రోజులు. అంతలో నాన్న ఊరెళ్లిపోయాడు. చిట్టికి రెండు పుట్టాయి, కళ్లు తెరుచుకునే, ఒంటి నిండా బొచ్చుతో. వాటి అసలు రంగు తేలడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. అన్నాళ్లూ నాన్న ఫోన్ చేసి వాటి యోగక్షేమాలే అడిగాడు. "అబ్బాయి తిన్నాడో లేదో కూడా అడగండి," అని వెనక నుంచి అమ్మ గొంతు.

మొన్న వీడియో కాల్‌లో ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"ఊదు," అన్నాడు నాన్న.

ఊదాను.

"ఫోన్ మీద కాదురా, దాని మీద."

మళ్లీ ఊదాను. నాన్న కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు. "బాగుంది. నీలం దిగింది. ఏదీ, పక్కన చిట్టిని కూర్చోబెట్టు."

సిగ్నల్ సరిగా లేదు నాన్నా, అని పెట్టేశాను.