కోటిపల్లి రైలు కట్ట

నేను రైలు కట్టనండీ. పట్టాలు నా మీదికి వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. కాకినాడ టౌన్ స్టేషన్ దాటాక కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లి దాకా 45 కిలోమీటర్లు వరిచేల నడుమ పడుకుని ఉంటాను. 1928లో తెల్లదొరల హయాంలో నా మీద రైలు నడిచింది. పన్నెండేళ్లకే యుద్ధమొచ్చింది, ఇనుము కావాలన్నారు. 1940లో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. మట్టితో వాళ్లకేం పని? నన్ను వదిలేశారు.

ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఊళ్లవాళ్లే నాకు దిక్కు. చేలు మునిగినప్పుడు గేదెల్ని నా మీదికి తోలేవారు. నా వాలు మీద పిడకలు కొట్టేవారు. ఇంటి అరుగు మెత్తడానికి నాలుగు తట్టల మట్టి కావాలంటే గునపం పట్టుకుని నా దగ్గరికే. కాదనడానికి నాకు నోరెక్కడిది?

లైను మళ్లీ వేస్తారన్న మాట పుట్టగానే అందరూ ఒకటే అన్నారు: "పాత కట్ట ఉంది కదండీ, పట్టాలు పరిస్తే సరి!" పాత కొంప బాగుచెయ్యడం కంటే కొత్తది కట్టుకోవడం నయమని మేస్త్రీలు ఊరికే అనరు. డెల్టా బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. దాని మీద రైలు నడవాలంటే గండ్లు పూడ్చి, మంచి గ్రావెల్ తెచ్చి, పొర మీద పొర పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి. ఆపైన కంకర, స్లీపర్లు, ఆఖరున పట్టాలు. చూసేవాళ్లకి కనబడేది ఆ ఆఖరిదే.

కాటన్ దొర పుణ్యమా అని ఇక్కడ కాలువలకి కరువు లేదు. అడుగడుగునా ఓ పంటకాలువో, మురుగుకాలువో, పిల్లబోదో. ప్రతిదానికీ ఓ తూమో వంతెనో కట్టాలి. తూము ఇరుకైతే పైచేను మునుగుతుంది, రైతు ఊరుకోడు. ఇంక గేట్లు. నా చిన్నతనంలో నన్ను దాటేవి ఎడ్లబళ్లు; ఇప్పుడు లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు. గేటుకి రోజంతా కాపలా పెట్టాలంటే మూడు షిఫ్టులకి ముగ్గురు మనుషులు. కట్టడం ఒక్కసారి ఖర్చు, జీతాలు నెలనెలా ఖర్చు. ఎస్టిమేటు చదివేవాళ్లు మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు.

మొత్తానికి 2004లో రైలొచ్చింది. అంతకు ముందేడు గోదావరి పుష్కరాలకి వచ్చుంటే కోటిపల్లి రేవుకి జనాన్ని మోసేదాన్ని, అందలేదు. నా కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు 2002 మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఇందులో ఓ తిరకాసు ఉంది. యానాం–ఎదుర్లంక మధ్య గౌతమి మీద రోడ్డు వంతెనా ఆయన పూనికే, దానికి ఆయన పేరే పెట్టారు. అది తెరుచుకున్నాక కాకినాడలో బస్సెక్కినవాడు తిన్నగా అమలాపురంలో దిగుతాడు. నా మీద వచ్చినవాడో, కోటిపల్లిలో దిగి, రేవు దాకా నడిచి, పంటెక్కి ముక్తేశ్వరంలో దిగి, మళ్లీ బస్సు కోసం చూడాలి. సామానుతో, చంటిబిడ్డతో ఎవరొస్తారండీ? రెండు పనులూ మంచివే. కానీ ఒకదాని జనాన్ని రెండోది తీసుకుపోయింది.

నాకు మిగిలింది రైలుబస్సు. ఒక్కటే పెట్టె, డీజిలు ఇంజను అందులోనే. ద్రాక్షారామం భీమేశ్వరుడి దగ్గరికో, కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గరికో వెళ్లే భక్తులూ, రామచంద్రపురం దాకా పనిమీద పోయేవాళ్లూ ఎక్కేవారు. 45 కిలోమీటర్ల పట్టాలు, వంతెనలు, గేట్లు, స్టేషన్లు ఒక్క పెట్టె టిక్కెట్ల మీద బతకాలి. 2020 మార్చిలో కరోనాకి దేశమంతా రైళ్లు ఆగాయి, ఇదీ ఆగింది. మిగతావి కదిలినంత త్వరగా ఇది కదల్లేదు. రాబడి చూసేవాళ్లని నేను తిట్టను. ఏటి ఒడ్డున ఆగిపోయే లైనుకి రాబడి ఎక్కణ్ణించి వస్తుంది?

అందుకే నా చూపంతా అవతలి ఒడ్డు మీదే. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లోనే మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ: మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు. ఖర్చులో పాతిక శాతం రాష్ట్రం వాటా. ఆ వాటా ఆలస్యమైన కొద్దీ సిమెంటు ధర పెరిగింది, ఉక్కు ధర పెరిగింది, కోనసీమలో సెంటు భూమి ధర ఇంకా పెరిగింది. కొబ్బరితోటలో భూమి తీసుకోవాలంటే చెట్టు చెట్టుకీ లెక్క కట్టాలి మరి. అంచనా రెండు వేల కోట్లు దాటింది.

ఆ వంతెనలు పూర్తయి నర్సాపురం రైలు ఇటు తిరిగితే, ఒక్క పెట్టె మోసిన నా మీద పద్దెనిమిదో, ఇరవయ్యో పెట్టెల బండి పరుగెత్తాలి. అప్పుడు ఇంజినీర్లు మళ్లీ వచ్చి నా మట్టీ, నా తూములూ, నా మలుపులూ పరీక్ష చేస్తారు. దానికి ఇంకో ఎస్టిమేటు.